తాళం కప్ప

కోట జంక్షన్ కాడ, గొడుగు కింద
ముప్పై ఏళ్లుగా తాళాలు బాగుసేస్తన్నాను.
పేరు కోట అసిరయ్య.
కోటకీ నాకూ మద్దెన రోడ్డుంది, అంతే.

మా గుంట దమయంతి నర్సు సదివినాది.
జర్మనీ ఆస్పత్రిలో పని కావాలంటే వాళ్ల బాస రావాలట.
తోటపాలెంలో ఒక డాబా మీద సారు నేర్పుతాడు.
రాత్రి కంచాల కాడ కూకుని ఇది నాకు నేర్పుతాది.
ఆకురాయి గీసినట్టుంటాది ఆ బాస.
నా సెవికి బాగానే పడినాది.

"బుర్గ్ అంటే ఏటో తెలుసా నాన్నా? కోట.
హాంబుర్గ్, మాగ్డెబుర్గ్, వుర్త్స్‌బుర్గ్...
ఊరి పేరు సివర్న కోట తగిలించీసినారు,
మన శృంగవరపుకోట లాగ."
"మరక్కడ కోటలున్నాయా?"
"కొన్నిట్ల ఉన్నాయి. కొన్నిట్ల పేరే ఉన్నాది."
ఎస్.కోటలో నానెన్నిసార్లు బస్సు దిగినానో.
సంత సూసినాను, అరిటి గెలలు సూసినాను,
కోట గోడ మాత్రం నాకు కనబళ్లేదు.

కోటలో ఉండీవోడు బ్యుర్గర్ అట,
పౌరుడని అర్థమట.
మన పక్క బండోడు అమ్మీ రొట్టె పేరు కూడా
ఆ హాంబుర్గ్ ఊరి నుంచొచ్చిందేనని నవ్వినాది.
బండి మీద ఎర్రక్షరాలు: బర్గర్, అరవై రూపాయలు.
మా తాత కోట పనికి సున్నం గానుగ తిప్పినాడని
మా అమ్మ సెప్పీది. కూలెంతో సెప్పలేదు.
ఆ గానుగ సుట్టూ తిరిగీ తిరిగీ
ఇంటిపేరొకటి సంపాదించినాడు కామోసు.

బురుజూ బుర్గూ సుట్టాలా అని సారునడగమన్నాను.
సారు శానాసేపు కిటికీలోంచి సూసి
తెలీదన్నాడట.
ఆ మనిషి మీద నాకు అప్పుడు నమ్మకం కుదిరినాది.

రాజులు సోకుగా ఉండీ మేడని బుర్గ్ అనరట,
ష్లోస్ అంటారట,
మన పెద్దోళ్లు నగరు అన్నట్టు.
"దానికి ఇంకో అర్థం ఉంది, సెప్పు సూద్దాం."
నాకేటి తెలుస్తాది.
నా సంచి లాగి, తాళం కప్పొకటి తీసి
నా కంచం పక్కన పెట్టినాది.
"ఇదే."
మూయడం లోంచి పుట్టినాదట ఆ మాట.
మూసుకున్న మేడా ష్లోసే, మూసీ ఇనుమూ ష్లోసే.
ఆ రేత్రి నాకు నిద్దర్లేదు.
ముప్పై ఏళ్లుగా రాజుల మేడలు
గోనె మీద పరుసుకుని
ఒక్కోటి నూటేభైకి అమ్ముతన్నాను!

పరీక్ష చెన్నైలో.
సెవులకి తగిలించి వినిపించినారట:
ఎవరో ఆడమనిషి ష్లోస్ కాడ కలుద్దామన్నాది.
కింద మూడు బొమ్మలు. రైలు స్టేషను, మేడ,
తాళాలు బాగుసేసీ కొట్టు.
ఇది కొట్టు మీద గీత పెట్టినాది.
అరవై రావాలి,
యాభై తొమ్మిదొచ్చినాది.

"రెండర్థాలని నువ్వే కదే సెప్పినావు!"
"తెలుసు నాన్నా. మేడని తెలుసు.
కానీ కలుద్దామన్న మాట వినగానే
నాకు నీ గొడుగే కనబడినాది."

నానేటీ అన్లేదు.
ఓ కప్పలో ఇరిగిన సెవి ముక్కుంటే
పట్టకారుతో లాగుతా కూకున్నాను.
అప్పుడే స్కూటర్ దిగి ఒకావిడ
"తాళం పోయింది" అన్నాది.
పోయింది కప్పో సెవో
మన మాటా సెప్పదు.
మనిషి సేతిలో ఏటుందో సూసుకోవాల.
ఆవిడ సేతిలో కప్పుంది, గట్టిగా మూసుకుని.

నా కన్నా ముందే దమయంతి సూసినాది.
డబ్బాలోంచి పళ్లు లేని సెవి ఏరి
ఆకురాయి తనే అందుకున్నాది.
మళ్లీ పరీక్ష ఫిబ్రవరిలో అట.
ఈసారి మూడు బొమ్మలూ నిదానంగా సూస్తానన్నాది,
సెవికి పళ్లు తీస్తా.